కనుమ దాటే కుక్క

కుక్క తిరిగొచ్చేసరికి బురుల్ గొర్రెల దొడ్లో వంగి, అప్పుడే పుట్టిన పిల్ల ముక్కులోంచి జిగురు తీస్తోంది. పిక్కలకు ఏదో మెత్తగా తగిలితే వెనక్కి తిరిగి చూసింది. అక్తోష్. రొమ్ము మీద తెల్లమచ్చ తప్ప ఒళ్ళంతా నలుపే. పొట్ట కింద వెంట్రుకలకు మంచు ఉండలు కట్టి, కదిలినప్పుడల్లా గవ్వల్లా గలగలమంటున్నాయి.

"వచ్చావా దొరా? ఎక్కడ ఊరేగొచ్చావు?" అందామె.

పిల్లను తల్లి పొదుగు దగ్గర పెట్టి, గడ్డితో చేతులు తుడుచుకుని, గిన్నెలో ఎముకల రసం, ఎండిపోయిన రొట్టె ముక్కలు వేసుకొచ్చింది. అక్తోష్ మర్యాదకు ఒకసారి వాసన చూసి మొహం తిప్పుకుంది. రెండు రోజులు ఇల్లు వదిలిపోయిన కుక్క ఆకలితో రావాలి. దీని కడుపు చూస్తే తప్పెటలా ఉంది. బురుల్ దాని పక్కన గొంతుక్కూర్చుని మూతి పట్టుకుని చూసింది. మీసాల మీద కొవ్వు పేరుకుని గడ్డకట్టింది. వేలితో గీకి, అటూ ఇటూ చూసి, నాలిక్కి రాసుకుంది.

ఉప్పగా ఉంది.

"వదినా!"

కంచె అవతల పొరుగింటి షెర్మత్ నిలబడి ఉన్నాడు. భుజాన తుపాకీ. చెవుల టోపీ ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి ఉంది. పరిగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు.

"రాత్రి ఇంకో గొర్రెపిల్ల పోయింది. పొద్దున్నే ఈ దొంగముండ పై నుంచి దిగుతోంది. పొట్ట చూడు దానిది. ఇంకేం చెప్పాలి నీకు?"

"దాని మూతికి ఉప్పుంది షెర్మత్. నీ పిల్లను ఎత్తుకుపోయి, పొయ్యి వెలిగించి, ఉప్పేసుకుని వండుకు తిందంటావా?"

"నెత్తురు కూడా ఉప్పగానే ఉంటుంది వదినా."

అప్పుడే ఇంటి కిటికీ రెక్క కిర్రుమంది. లోపల మంచం మీద, కట్టు కట్టిన కాలును దిండ్ల మీద పెట్టుకుని పడుకున్న ఆమె మొగుడు అసనాలి గొంతు వినిపించింది.

"కాల్చాలనుకుంటే కాల్చు షెర్మత్. నా కుక్క అని మొహమాటపడకు."

షెర్మత్ తెల్లబోయాడు. అసనాలి ఆ కుక్కను పిల్లగా ఉన్నప్పుడు కోటు లోపల పెట్టుకుని తెచ్చాడు. గుర్రం మీద నుంచి మంచుగడ్డల మీద పడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు, మనుషులు వచ్చేదాకా ఆయన మీద పడుకుని వెచ్చగా ఉంచింది ఇదే. ఊరందరికీ తెలుసు. తగువుకు సిద్ధపడి వచ్చినవాడికి తగువు దొరక్కపోతే ఎలా ఉంటుందో అలా అయిపోయాడు షెర్మత్. తుపాకీ పట్టీ సర్దుకున్నాడు.

"ఇవాళ నీ వాకిట్లో కాల్చను అన్నా. కానీ ఇంకొక్కసారి ఇది మాయమై, ఇలాగే కడుపు నింపుకుని దిగిందనుకో, ఆ వాలు దగ్గరే కాపు కాస్తా. పెద్దలకి కూడా చెప్పేశాను."

అతను వెళ్ళాక బురుల్ చాలాసేపు కిటికీ వైపే చూస్తూ నిలబడింది. రెక్క మళ్ళీ మూసుకుంది.

---

టీ పోసి ఇస్తే అసనాలి గిన్నె అందుకున్నాడు కానీ ఆమె మొహం చూడలేదు. రొట్టెను అంచు నుంచి కాకుండా నడిమధ్య నుంచి గిల్లి తినడం ఆయన అలవాటు. చివర్న ఒళ్ళో పడ్డ పొడినంతా అరచేతిలోకి దూసుకుని, తల వెనక్కి వాల్చి నోట్లో పోసుకుంటాడు. ఆ పనంతా పూర్తయ్యేదాకా ఆమె ఊరుకుంది.

"ఎందుకలా అన్నావు?"

"గొర్రెల్ని తినే కుక్కని ఎవరు ఉంచుకుంటారే?"

"ఇది తినలేదని నీకూ తెలుసు. దాని మూతి ఉప్పగా ఉంది."

"నీకెలా తెలుసు? కుక్క మూతి నాకావా?"

"నాకలేదు. వేలితో చూశాను."

అసనాలికి నవ్వు తన్నుకొచ్చింది. వెంటనే ఆపేసుకున్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళు బురుల్‌ని వెనకాల 'తలుపుసందు' అంటారు. ఎవరింట్లో ఏ మూత కింద ఏముందో చూడకుండా ఉండలేదని. ఆమెకూ తెలుసు ఆ పేరు. మూతలున్నవి తియ్యడానికే కదా అంటుంది.

"ఉప్పేసిన మాంసం ఎవరో పెడుతున్నారు దానికి. పై నుంచి దిగుతోంది. పైన ఏముంది? మంచు, రాయి, నక్కలు. అవేవీ వంట చెయ్యవు."

"వదిలెయ్యి బురుల్."

"వదలను. ఈసారి దాని వెనకాల పోతాను."

"మంచు మెత్తబడే రోజులు. మోకాళ్ళ నొప్పులతో నువ్వు కొండెక్కుతావా? అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. పళ్ళున్నవాళ్ళు నవ్వుతారు."

ఆయన గోడవైపు తిరిగాడు. ఆ తిరగడం ఆమెకు కొత్త. కోపం వస్తే అరుస్తాడు, బాధ వస్తే గుర్రం దగ్గరికి పోతాడు. గోడవైపు తిరగడం ఈ ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. కుక్క ఎక్కడికి పోతోందన్నది ఒక ప్రశ్న. ప్రాణంలా పెంచుకున్న కుక్కను చంపమన్నాడే గాని ఆ ప్రశ్న ఈయన అడగడేం అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. రొట్టె పిండి పిసుకుతున్నంతసేపూ ఆమె బుర్రలో ఆ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూనే ఉన్నాయి.

కొన్నాళ్ళు అక్తోష్ కదల్లేదు. పొయ్యి బూడిద పారబోసేచోట వెచ్చగా పడుకుని నిద్రపోయింది. ఈలోగా బురుల్ మెత్తటి తోలు బూట్ల మీద వేసుకునే రబ్బరు తొడుగులకు జారకుండా గుర్రపువెంట్రుకల తాడు చుట్టింది. ఎండిన పెరుగుండలు, రొట్టె, వెన్న మూటకట్టింది. ఈనే గొర్రెల్ని చూడమని తోడికోడలికి అప్పచెప్పింది. ఒక తెల్లవారుజామున కుక్క లేచి, ఒళ్ళు విరుచుకుని, వాకిట్లో నిలబడి కొండవైపు చూసింది. అప్పటికే ఆమె కళ్ళ కింద మసి రాసుకుంటోంది. ఎండ మంచు మీద పడితే కళ్ళు పోతాయి.

"పోతున్నా," అంది గుమ్మంలో కూర్చుని బూటు తొడుక్కుంటూ.

రెండో బూటు తొడుగుతుండగా అసనాలి దగ్గాడు.

"నల్లరాయి దగ్గర ఎండ పడ్డాక మాత్రం వాగు దాటకు. కుక్క ఆగితే నువ్వూ ఆగు."

బురుల్ చెయ్యి బూటు మీదే ఆగిపోయింది. "అది నల్లరాయి వైపే పోతుందని నీకెవరు చెప్పారయ్యా?"

ఆయన దుప్పటి తలమీదికి లాక్కున్నాడు.

---

రాత్రి చలికి మంచు పైన పెంకు కట్టింది. దాని మీద నడుస్తుంటే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. అక్తోష్ ముందు పోతూ, మలుపు దగ్గర నిలబడి, ఆమె వస్తోందో లేదో చూసి మళ్ళీ కదులుతోంది. మొదట్లో ఆమెకది ముచ్చటగా ఉంది. తర్వాత తర్వాత, ఆ ఆగడంలో ఒక పద్ధతి ఉందనిపించింది. అది తనకోసం ఆగడం లేదు. దాని పక్కన ఎప్పుడూ నడిచే ఇంకెవరో ఎక్కడెక్కడ ఊపిరి తీసుకునేవాడో అక్కడ ఆగుతోంది. పెద్దగా నిటారు లేనిచోట కూడా, ఒక బండ పక్కన, తోక చుట్టుకుని కూర్చుంది. బురుల్ కూడా కూర్చుని చూసింది. ఆ బండ సరిగ్గా మనిషి వీపుకు కుదిరేలా ఉంది. కింద ఊరు, పొగలు, తన ఇల్లు, తన దొడ్డి. అక్కడ కూర్చుంటే ఎవరైనా తన ఇంటివైపే చూస్తారు.

"ఎవరే ఇక్కడ కూర్చునేది?" అని కుక్కనడిగింది. అది ఆవులించింది.

పైకి పోయేకొద్దీ చెట్లు పోయి మరుగుజ్జు జునిపర్ పొదలు మిగిలాయి. మంచు మీద రాత్రి నడిచినవాళ్ళందరి సంతకాలూ ఉన్నాయి. నక్క గీసిన సూటి గీత, కొండకోడి రెక్కలు ఈడ్చిన చారలు, ఎక్కడో ఒకచోట కొండమేకల గుంపు దిగి మళ్ళీ ఎక్కిన గందరగోళం. ఎడతెగని మాటలకి అలవాటుపడ్డ చెవులకు ఆ మౌనం మొదట బరువుగా అనిపించింది. కాసేపటికి అందులోనూ చాలా ఉందని తెలిసింది. మంచు కింద నీళ్ళు మాట్లాడుకుంటున్నాయి. వంగి చెవి పెట్టి వింది. కుక్క కూడా పక్కన చెవి పెట్టింది.

నల్లరాయి చేరేసరికి ఎండ వాగు ఒడ్డుకి వచ్చేసింది. వాగంటే నీళ్ళు కాదు, కొండ పై నుంచి కిందిదాకా పరిచిన మంచు దుప్పటి. దాటితే పది గంతుల దూరం. అక్తోష్ ఒడ్డున కూర్చుండిపోయింది. బురుల్ కర్రతో పొడిచింది. గట్టిగానే ఉంది. ఒక కాలు పెట్టింది. కుక్క మొరగలేదు. ఆమె కోటు అంచు పళ్ళతో పట్టుకుని వెనక్కి గుంజి, మళ్ళీ వెళ్ళి కూర్చుంది.

"కుక్క ఆగితే నువ్వూ ఆగు" అన్నాడాయన. విసుక్కుంటూనే కూర్చుంది. మూట విప్పి రొట్టె నమిలింది. నమలడం అయిందో లేదో పైన ఎక్కడో బట్ట చింపినట్టు చప్పుడైంది. వాగు మొత్తం, పైనుంచి కిందికి, ఒక్కసారిగా కదిలింది. తెల్లటి పొగ లేచి ఆమె మొహాన పడింది. అంతా ఆగాక, తను కాలు పెట్టినచోట నల్లటి నేల, తడి గులకరాళ్ళు కనిపించాయి. ఆమె నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. తర్వాత మెల్లగా మింగి, కుక్క తలమీద చెయ్యి పెట్టి, "నీకు పెద్ద ముక్క," అంటూ మిగతా రొట్టెంతా దాని ముందు పెట్టింది.

జారిపోయింది జారాక దారి మంచిదయింది. వాగు దాటిన పక్కనే రాతి కింద గూడులాంటి చోటుంది. అందులో బూడిద, విరిచిపెట్టిన జునిపర్ పుల్లలు, రాయి మీద బోర్లించిన నీలం రంగు టీ కెటిల్. బురుల్ దాన్ని ఎత్తి చూసింది. పిడి దగ్గర తనే చుట్టిన ఇనపతీగ. రెండేళ్ళ కిందట ఈ కెటిల్ పోయిందని ఇల్లంతా వెతికి, షెర్మత్ పెళ్ళాం ఎత్తుకుపోయిందని ఆమెతో మాట్లాడ్డం మానేసింది.

"ఓరి నీ అమ్మకడుపు చల్లగుండా!" అంది గట్టిగా. కొండ ఆ మాటను రెండుసార్లు తిరిగి చెప్పింది.

ఇక ఆమెకు మోకాళ్ళు గుర్తురాలేదు. ఏటా గొర్రెలు ఈనడానికి ముందు అసనాలి, మంచు గట్టిగా ఉన్న రోజుల్లో, కొండమేకల జాడ చూసొస్తానని కుక్కను తీసుకుని వెళ్ళేవాడు. రెండు రోజులకు ఖాళీ చేతులతో వచ్చేవాడు. ఒక్కనాడూ ఒక్క కొమ్ము తేలేదు. ఆయన వేట రానివాడని ఆమె నలుగురిలో ఎన్నిసార్లు వెక్కిరించిందో. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఊరుకోవడంలో ఇంత సంగతుందా?

కనుమ మీద గాలి మనిషిని నిలవనివ్వలేదు. రాళ్ళ కుప్పకు, దాటేవాళ్ళు మొక్కుకుని కట్టిన గుడ్డపేలికలు పటపటలాడుతున్నాయి. అవతల లోయ ఆమె ఎప్పుడూ చూడనిది. బండి దారిన వెళ్తే పట్నం మీదుగా రోజంతా చుట్టుతిరగాలి కాబట్టి ఆ లోయ ఇంత పక్కనే ఉందని ఎవరికీ అనిపించదు. చాలా కింద, వాలు మొదట్లో, ఒక్కటే ఇల్లు. ఒక్కటే పొగ. అక్తోష్ తోక ఊపడం మొదలెట్టింది.

---

దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంటి ముందు దొడ్లో నాలుగైదు గొర్రెలు, కంచె మీద ఆరేసిన కొత్త గొర్రెతోలు. కుక్క ముందుగా పరిగెత్తి గుమ్మం దగ్గర పడుకుంది, సొంతిల్లులా. తలుపు తెరుచుకుని ఒక పొడుగాటి ముసలావిడ బయటికొచ్చింది. కుక్కను చూసింది. దాని వెనకాల, మసి మొహంతో, కర్ర పట్టుకుని నిలబడ్డ బురుల్‌ని చూసింది. రెండు చేతులూ నడుముకు ఆనించి, గొంతెత్తి ఏడుపు అందుకుంది.

"అయ్యో నా తమ్ముడో... మంచు మీద నడిచినా జాడ మిగల్చని నా తమ్ముడో..."

ఏడుపు ఇంటికి వెళితే ముందు ఏడవాలి, తర్వాత అడగాలి. బురుల్ ఎరిగిన మర్యాద అది. కర్ర పడేసి ముందుకెళ్ళి, ముసలావిడను కావలించుకుని, తనూ గొంతు కలిపింది. ఎవరు పోయారో తెలియదు గాని, ఆవిడ ఏడుపులో ఉన్న నిజానికి బురుల్‌కి నిజంగానే కళ్ళు నిండాయి. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చారు. మసి ఇద్దరి మొహాలకీ అంటుకుంది.

ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు బురుల్ మెల్లగా అడిగింది. "ఎవరమ్మా పోయింది? ఎన్నాళ్ళయింది?"

ముసలావిడ వెనక్కి జరిగి చూసింది. "ఎవరేంటమ్మా? నువ్వు వాడి పెళ్ళానివి కాదూ? వాడి కుక్కతో వచ్చావుగా?"

"ఎవరి పెళ్ళాన్ని?"

"అసనాలి పెళ్ళానివి."

"నేనే. అయితే?"

"అయితే ఏంటి? వాడు పోలేదా?"

"ఎక్కడికి?"

ఆ మాటతో ముసలావిడ గుమ్మం మెట్టు మీద కూలబడింది. బురుల్‌కి అప్పటికి అర్థమైంది. అర్థమై, ఏ మాట ముందు చెప్పాలో తోచక, నోటికొచ్చింది చెప్పేసింది. "బతికే ఉన్నాడమ్మా! కాలు విరిగి మంచం మీద పడున్నాడు. పొద్దున లేస్తే టీలో ఉప్పు తక్కువంటాడు, సాయంత్రం ఎక్కువంటాడు. చచ్చినవాడు అన్ని వంకలు పెడతాడా?"

ముసలావిడ కుక్క మెడ చుట్టూ చెయ్యి వేసింది. తర్వాత తలెత్తి కంచె మీద ఆరేసిన తోలువైపు చూసింది.

"మరి నా గొర్రె?"

"ఏ గొర్రె?"

"వాడి దినానికి కోసిన గొర్రె!" అంది. అంటూనే నవ్వింది. నవ్వుతూనే మళ్ళీ ఏడ్చింది. ఈసారి పాట లేదు, మామూలు ఏడుపే.

లోపల టీ పోస్తూ ఒక్కొక్కటీ చెప్పింది. పేరు సూసర్. ఆ పేరు బురుల్ కాపురానికొచ్చిన కొత్తలో ఒక్కసారి వింది. ఎవరని అడిగిన రోజే అత్తగారు బురుల్ నోరు మూయించింది. పెళ్ళి ముందురోజు వేరేవాడితో కనుమ దాటిపోయిన ఆడబిడ్డ. ఆమె దక్షిణాన ఎక్కడో పోయిందని అందరూ అనుకుంటారు.

"నాన్న పోయేముందు వాడిచేత రొట్టె మీద ఒట్టేయించుకున్నాడు, నా గడప తొక్కనని, నా పేరెత్తనని. మరుసటేడే మంచు గట్టిపడ్డాక వచ్చాడు. గడప తొక్కలేదు. ఇదిగో, ఈ మెట్టు మీద కూర్చున్నాడు. నాన్న చెప్పిన గడప వేరు, ఈ మెట్టు వేరు అన్నాడు. అప్పట్నుంచీ ఏటా మెట్టు మీదే. మా ఆయన బతికున్నప్పుడు ఆయనా బయటే కూర్చుని టీ తాగేవాడు, వీడికి తోడుగా."

"ఈ ఏడు?"

"కుక్క ఒక్కటే వచ్చింది. వెనకాల వస్తున్నాడేమోనని చీకటిపడేదాకా కనుమవైపే చూశాను. రెండోసారీ ఒక్కటే. మా అబ్బాయి మందతో దిగువకు పోయాడు, పంపడానికి మనిషి లేడు. కబురు ఎవరినడుగుతాను? ఎవరికి నేను ఏమవుతాను? మూడోసారి కూడా ఒక్కటే వస్తే, ఇక కూర్చుని ఏడ్చాను. ఉన్నవాటిలో మంచి గొర్రెను కోసి, దువా చదువుకుని, పంచడానికి మనుషుల్లేక, ఉప్పేసి వండినదంతా దీనికే పెట్టాను. వాడి తరఫున వచ్చింది అదొక్కటే కదా."

కుక్క గుమ్మం లోపలికి తొంగిచూసింది. తన యజమాని దినం భోజనం తిన్న దొంగ. బురుల్ తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముసలావిడ రొట్టె తీసుకుని, నడిమధ్య నుంచి గిల్లింది. ఒళ్ళో పడ్డ పొడి అరచేతిలోకి దూసుకుని తల వెనక్కి వాల్చింది. బురుల్ ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.

"ఏంటలా చూస్తావు పిల్లా?"

"ఏం లేదు వదినా. రేపు తెల్లారక ముందే బయల్దేరాలి. మంచు గట్టిగా ఉన్నప్పుడే."

"నువ్వు బయల్దేరు."

"మనం," అంది బురుల్. "ఆ కుక్క ఒక్కటే దిగితే అక్కడ తుపాకీ పట్టుకుని కూర్చున్నాడు షెర్మత్. దాని తరఫున చెప్పడానికి ఒక్కరే ఉన్నారు."

"షెర్మత్ అంటే... సుల్తంకుల్ కొడుకా?" సూసర్ చేతిలో గిన్నె ఆగింది. "వాళ్ళ అన్నతోనే కదా నా పెళ్ళి తప్పింది."

బురుల్‌కి మొగుడు గోడవైపు తిరగడం ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. కుక్క ఎక్కడికి పోతోందో చెప్పాలంటే, ఎవరికి చెప్పకూడదో వాడికే చెప్పాలి.

---

తిరుగుదారిలో అక్తోష్ ఇద్దరి మధ్యా తిరిగింది. ముందు సూసర్, వెనక బురుల్. డెబ్భై ఏళ్ళావిడ పెంకు మంచు మీద అడుగులు కొలిచినట్టు వేస్తోంది. కనుమ మీద రాళ్ళకుప్ప దగ్గర ఆగి, తలగుడ్డ అంచు చింపి ఒక పేలిక కట్టింది. అవతలివైపు ఊరు కనిపించగానే, "మా ఇంటి పైకప్పు రేకులది కాదే," అంది. "మారిపోయింది వదినా," అంది బురుల్. నల్లరాయి వాగు ఎండ రాకముందే దాటారు. వీపుకు కుదిరే ఆ బండ దగ్గర కుక్క ఆగితే వాళ్ళూ ఆగారు.

చివరి వాలు దగ్గర షెర్మత్ రాతి చాటున నిలబడి ఉన్నాడు. కుక్క కనపడగానే తుపాకీ భుజానికెత్తాడు. దాని వెనకాల రెండు తలగుడ్డలు కనపడేసరికి దించాడు.

"తప్పుకో వదినా. నిన్న రాత్రి కూడా ఒక పిల్ల పోయింది!"

"నిన్న రాత్రి ఇది నా గుమ్మంలో పడుకుంది," అంది సూసర్, దిగుతూనే. "కిందటిసారి వచ్చినప్పుడూ నా గుమ్మంలోనే. దాని కడుపులో ఉన్నది నా గొర్రె. నాది నేను పెట్టాను. నీకేమైనా అభ్యంతరమా?"

"నువ్వెవరు?"

సూసర్ దగ్గరికొచ్చి అతని మొహం నిదానంగా చూసింది. "ఆ చెవులు మీ అన్నవే. అతను బాగున్నాడా?"

షెర్మత్ చాలాసేపు ఆమెను చూశాడు. మెడ మీద నుంచి ఎరుపు మెల్లగా చెంపలకెక్కింది. చివరికి అన్నాడు, "మరి నా పిల్లల్ని తింటున్నదెవరు?"

"అది నువ్వు వెతుక్కోవాలి నాయనా. కుక్క దొరికిందని వెతకడం మానేశావు," అంది సూసర్.

వాళ్ళు కదిలారు. అతను కొంచెం వెనకగా, తుపాకీ గొట్టం నేలకు దించి, వాళ్ళ వెంటే నడిచాడు. కంచెల దగ్గర పిడకలు చేస్తున్న ఆడవాళ్ళు చేతులు ఆపి చూశారు. బురుల్ వాకిట్లోకి వచ్చేసరికి వెనకాల ఓ చిన్న గుంపు పోగయింది. వాళ్ళు కంచె అవతలే ఆగారు.

గడప దగ్గర సూసర్ నిలబడిపోయింది. అది ఆమె పుట్టిన ఇల్లు. బురుల్ ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించింది.

అసనాలి మోచేతుల మీద లేచాడు. మొహం తెల్లబడింది. సూసర్ మంచం దగ్గరికెళ్ళి, చేతికర్రతో అతని భుజం మీద ఒకటి వేసింది.

"ఏరా, బతికే ఉన్నావా? నా గొర్రె పోయిందిరా!"

"అక్కా..." అన్నాడు. ఆమె పక్కన కూర్చుంది. అతని కట్టు కట్టిన కాలు మీద చెయ్యి వేసి అటూ ఇటూ నొక్కి చూసింది. నొప్పికి అతను మూలిగాడు. ఆ మూలుగుకే ఆమెకు నమ్మకం కుదిరినట్టుంది. కళ్ళు తుడుచుకుంది. బురుల్ పొయ్యి మీద నీళ్ళు పెడుతూ సంగతంతా చెప్పింది, ఏడుపుతో సహా, దినంతో సహా.

అసనాలి పక్కటెముకలు నొప్పిపుట్టేలా నవ్వాడు. నవ్వు తగ్గాక అడిగాడు. "ఏమని ఏడ్చావు అక్కా?"

"ఛీ ఛీ!" అంది బురుల్. "బతికున్న మనిషి వినకూడదది."

"ఎవరికి దొరుకుతుందే వినే అదృష్టం? చెప్పక్కా."

సూసర్ చెప్పింది. పాడలేదు, మామూలుగా మాట్లాడినట్టే, కిటికీవైపు చూస్తూ.

"మంచు మీద నడిచినా జాడ మిగల్చని తమ్ముడా. ఒట్టుకీ నాకూ మధ్య ఒక్క మెట్టు కనిపెట్టిన తెలివైనవాడా. ఎండు ఆప్రికాట్లు జేబులో పోసి తెచ్చి, దారిలో సగం తిని, సగమే ఉన్నాయని సిగ్గుపడ్డవాడా. ఎవరికీ భయపడక నలుగురిలో నన్ను అక్కా అని పిలిచినవాడా..."

పొయ్యి దగ్గర బురుల్ చేతిలో గరిటె ఆగిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆప్రికాట్ల సంగతి తెలియదు తనకు. సిగ్గుపడతాడనీ తెలియదు.

అసనాలి నవ్వు ఆగిపోయింది. "ఆ చివరిది అబద్ధం," అన్నాడు. "నలుగురిలో ఎప్పుడు పిలిచాను నిన్ను? కుక్కను చంపుతామన్నా నోరు తెరవలేదు."

"పోయినవాళ్ళకి ఒకటో రెండో ఎక్కువే కడతాంరా. అది మామూలే." సూసర్ రొట్టె అందుకుని మధ్యలో గిల్లింది. "నువ్వు పోలేదు కదా. దిద్దుకో."

అసనాలి కాసేపు దుప్పటి కుచ్చుతో ఆడుకున్నాడు. తర్వాత బురుల్ వైపు చెయ్యి చాచాడు. ఆమె కర్ర అందించింది. భుజం అందించింది. ఒక కాలు మీద గెంతుతూ, పళ్ళు కరుచుకుని, గడప దాకా వచ్చాడు. తలుపు తోశాడు. బయటి వెలుగుకు కళ్ళు చిట్లించాడు. కంచె అవతల గుంపులో మాటలు ఆగాయి. షెర్మత్ ముందు నిలబడి ఉన్నాడు.

"ఇది మా అక్క సూసర్," అన్నాడు అసనాలి. గొంతు సవరించుకుని, మళ్ళీ గట్టిగా అన్నాడు. "ఎక్కడికీ పోలేదు. ఈ కొండ అవతలే ఉంది. నేను ఏటా వెళ్తూనే ఉన్నాను. ఎవరికి ఏమనిపించినా సరే, ఇది మా అక్క."

పైకప్పు అంచు నుంచి కరుగుతున్న మంచు చుక్కలు చుక్కలుగా పడుతోంది. అసనాలి విరిగిన కాలు వణకడం మొదలైంది, కానీ అతను కదల్లేదు. షెర్మత్ తుపాకీని ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. నేలవైపు చూశాడు. ఇంటి వెనక కొండవైపు చూశాడు. అతను తిట్టడానికే నోరు తెరుస్తున్నాడని బురుల్ అనుకుంది.

"కాలు విరిగినవాడివి, చలిలో నిలబడకు అన్నా," అన్నాడు షెర్మత్. "అక్కను లోపల కూర్చోబెట్టు. దూరం నుంచి నడిచొచ్చింది."